దుక్కం ఉందా అని అడిగితే

"ఇయ్యాల ఎవరో ఒకరు మెట్ల మీద పడిపోతరు. నా మనసుకు గట్లనే కొడుతున్నది."

పొద్దున్నే చాయ్ గిన్నె దించుతూ నేను ఆ మాట పైకే అన్నాను. అప్పటికింకా ఏమీ కాలేదు.

మా ఇంటాయన శంకర్రావు గడ్డానికి సబ్బు రాసుకుంటూ అద్దంలోంచే నన్ను చూశాడు. మొన్న స్టవ్ పేలుతుందన్నావు, నిన్న గ్యాలరీ కూలుతుందన్నావు, ఇయ్యాల మెట్ల వంతు వచ్చిందా అన్నాడు. నా నోట్లో పడి కూడా ఈ పాత చాల్ బిల్డింగు నిలబడి ఉందంటే కట్టిన మేస్త్రీ గట్టివాడేనట.

నా భయాలకు మా ఇంట్లో విలువ లేదు. నేనూ ఆశించను. కానీ ఆ రోజు ఊరికే అనలేదు. ఎల్లమ్మ కింద నల్లాకు పోయి ముప్పావు గంట దాటింది.

ఎల్లమ్మ మా ఆయన చిన్నాయన కొడుకు సాయిలు భార్య. వరసకు నాకు తోటికోడలు. పాలమూరు పక్క నుంచి వాళ్లు బొంబాయికి వచ్చి రెండేళ్లు. మా ఒక్క గది ఖోలీకి అడ్డంగా పాత చీర కట్టి, అటు వాళ్లు, ఇటు మేము. వర్లి దగ్గర బిల్డింగు పనికి ఇద్దరూ పోతారు. ఆయన స్లాబు పని చేస్తాడు, ఆమె తట్టలు మోస్తుంది. ఆ ఆదివారం స్లాబు పోస్తున్నారని సాయిలు తెల్లవారకముందే పోయాడు. ఎల్లమ్మ పోలేదు. ఎందుకు పోలేదంటే చెప్పలేదు. పని మానే మనిషి కాదు ఆమె. నాకు భయం అంటుకున్నది అక్కడే.

ఇంట్లో మాత్రం ఎవరికీ ఎల్లమ్మ ధ్యాస లేదు. తాళంచెవి మీద లొల్లి నడుస్తోంది.

"నాయినా, హాలు చావి ఇయ్యి," అంది మా చంద్రకళ. అప్పటికి నాలుగోసారి.

"కమిటీ తీర్మానం అయిపోయింది."

"మీ కమిటీల ఆడోళ్లు ఎంతమంది?"

"ఆడోళ్లకు కమిటీ ఎందుకే? రోజూ నల్లా కాడ పెట్టుకుంటనే ఉన్నరు గద."

ఆయన ఆ మాట అని, తన మాటకు తానే నవ్వుకున్నాడు. గడ్డం మీద సబ్బు నురుగుతో నవ్వితే మనిషి ఎలా ఉంటాడో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

చంద్రకళ నా ఒక్కతే బిడ్డ. పదో తరగతి పాసై, మున్సిపాలిటీ దవాఖానా తరఫున ఇల్లిల్లూ తిరిగే పనిలో ఉంది. ఆడవాళ్లకు గుండెజబ్బు రాకుండా చూసుకోవాలని, మా తెలుగు మండలి హాల్లో రెండు ఆదివారాలు శిబిరం పెట్టించింది. పోయిన ఆదివారం ఒకటి అయింది. ఈ ఆదివారం రెండోది, చివరిది. గుండెను కాగితం మీద గీసే మిషను పన్నెండు గంటల దాకానే ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ మా గల్లీకి ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

హాలు తాళంచెవి మండలి కార్యదర్శి మొలతాడుకు ఉంటుంది. ఆ కార్యదర్శి మా ఇంటాయన. ముందురోజు సాయంత్రం పదకొండు మంది మగవాళ్లు కూర్చుని, ఆడవాళ్ల గుండెల మీద తీర్మానం చేశారు. హాలు తెరవకూడదని. అధ్యక్షుడు బక్కయ్యకు ఛాతీ అన్న మాట పలకడానికి సిగ్గేసి, సభంతా "ఆ జాగ, ఆ జాగ" అంటూనే నడిపించాడట. మా ఆయన మినిట్స్ పుస్తకంలో కూడా 'ఆ జాగ గురించి ఆడపిల్లలు మైకులో మాట్లాడుట సబబు కాదు' అనే రాశాడు. నేను నా కళ్లతో చదివాను. నాలుగో తరగతి చదువు అందుకైనా పనికొచ్చింది.

ఇంతకూ వాళ్లకు కోపం వచ్చింది రాములమ్మ వల్ల. రాములమ్మ మా పక్క ఖోలీ మనిషి, పాలమూరు నుంచి వచ్చి ఏడాది కాలేదు. పోయిన ఆదివారం బల్ల దగ్గర కూర్చున్న నర్సుబాయి ఏదో అడగ్గానే, రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుపు మొదలుపెట్టింది. మొగుడి తాగుడు, వర్లిలో ఇంకో మనిషి, చచ్చిపోయిన పిల్ల, అన్నీ పావుగంట సేపు చెప్పింది. నర్సుబాయికి తెలుగు రాదు. పాపం చాలా నొప్పి ఉన్నట్టుందనుకొని కార్డు మీద రాసుకొని మిషను కాడికి పంపింది. మిషను గీసిన గీతల్లో ఏ లోపమూ లేదు. మొగుడికి మాత్రం సాయంత్రానికల్లా అంతా తెలిసింది. ఇంటి దుక్కాలన్నీ ఆడవాళ్లతో చెప్పించి మరాఠీ కార్డుల్లో రాసుకుంటున్నారని వాడు మండలిలో కూర్చొని మొత్తుకున్నాడు. తాగి మొత్తుకున్నాడు. తాగినవాడి మాట మీద పదకొండు మంది తాగనివాళ్లు సంతకాలు పెట్టి, సోమవారమే దవాఖానా ఆఫీసుకు అర్జీ పంపారు.

"గుండె నొప్పి గురించి చెప్తె మీకేం నష్టం నాయినా?" అని చంద్రకళ మళ్లీ మొదలుపెట్టింది.

గుండె నొప్పి అంటే ఏమిటో తనకు తెలుసని, తనను మించి ఈ చాల్లో ఎవరికీ తెలియదని ఆయన అన్నాడు.

ఆ సంగతి నేను చెప్పాలి. రెండేళ్ల కింద గణపతి పండుగలో పదకొండు బటాటా వడలు తిని, ఈయన ఛాతీ పట్టుకొని కూలబడ్డాడు. మండలికి మండలే లేచింది. ఒక్క టాక్సీలో పట్టనంత మంది ఎక్కి, మిగిలినవాళ్లు వెనకాల పరుగెత్తి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ ఒక తెల్లటి మందు తాగించారు. ఒక్క త్రేన్పుతో మనిషి లేచి కూర్చున్నాడు. అయినా వారం రోజులు పళ్లూ కొబ్బరినీళ్లూ వస్తూనే ఉన్నాయి. ఇంట్లో గట్టిగా గిన్నె చప్పుడు కాకూడదు. ఇప్పటికీ కొత్తవాళ్లెవరైనా ఇంటికి వస్తే "నాకు అటాక్ అచ్చినప్పుడు" అని మొదలుపెడతాడు. వడల సంగతి చెప్పడు.

అప్పుడే గుమ్మంలో రాములమ్మ నిలబడింది. మా ఇంట్లోకి రావాలంటే ఇప్పుడు దానికి సిగ్గు.

"రత్నక్కా," అంది మెల్లగా, "మీ ఎల్లమ్మ రెండో అంతస్తు మెట్ల మీద కూసున్నది. పిలిస్తె పలుకుత లేదు."

నేను ఎలా దిగానో నాకే తెలియదు.

ఎల్లమ్మ మలుపులో గోడకు ఆనుకొని కూర్చుంది. పక్కన నీళ్లతో నిండిన హండా. ఆమె ముఖం మీద చెమట ధారగా కారుతోంది. చేయి గుండె మీద లేదు, దవడ మీద ఉంది, పన్ను నొప్పి వచ్చినట్టు. పైకి పోయేవాళ్లు పోతున్నారు, దిగేవాళ్లు దిగుతున్నారు. ఒకాయన మరాఠీ పేపరు చదువుకుంటూనే ఆమె కాళ్లు దాటి పోయాడు. దాటేటప్పుడు పంచె కొంచెం పైకి పట్టుకున్నాడు, తడవకుండా.

"జర దమ్ము తీసుకుంటున్ననక్కా," అంది నన్ను చూసి. "నీళ్లు ఒలకలేదు."

ఆ సమయంలో ఆమె నాకు చెప్పాలనుకున్నది అది. నీళ్లు ఒలకలేదని.

నేనూ చంద్రకళా చెరో రెక్క పట్టుకొని మెట్టుమెట్టుకూ నిలబెట్టి పైకి తెచ్చాం. హండా రాములమ్మ తెచ్చింది. చాప పరిచి, గోడకు దిండు పెట్టి కూర్చోబెట్టాం. పడుకోబెడితే ఊపిరి ఆడడం లేదంది. మా ఆయన గడ్డం తుడుచుకుంటూ వచ్చి, పైనుంచి చూసి, ఎండదెబ్బ అని తేల్చాడు. ఫిబ్రవరి నెలలో, పొద్దున తొమ్మిది గంటలకు, నీళ్ల నల్లా కాడ ఎండదెబ్బ. సోడా తాగించమన్నాడు. ఆయనకు తెలిసిన మందు అదొక్కటే.

చంద్రకళ ఎల్లమ్మ మణికట్టు పట్టుకొని, గడియారం చూస్తూ కూర్చుంది. దాని ముఖం చూసి, నేను కొంగుతో ఎల్లమ్మ చెమట తుడవడం మొదలుపెట్టాను.

పోయిన ఆదివారం డాక్టర్ బాయి మైకులో చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుకొచ్చాయి. ఆడవాళ్లకు గుండెజబ్బు అన్నిసార్లూ ఛాతీ పట్టుకొని పడిపోయేలా రాదంది. దవడ లాగుతుంది, వీపు మధ్య నొస్తుంది, భుజం గుంజుతుంది, మెట్లెక్కితే ఊపిరి ఆడదు, కారణం లేకుండా చెమట పోస్తుంది. గ్యాసనీ, నీరసమనీ, వయసనీ అనుకొని ఊరుకుంటే ప్రాణం పోతుందంది. ఉప్పు తగ్గించమంది, పచ్చళ్లు తగ్గించమంది. ఏడాదికొకసారైనా బీపీ చూపించుకోమంది. తర్వాత, మిశ్రీ పెట్టుకునే వాళ్లు చేతులెత్తండి అంది. కాల్చిన పొగాకు పొడి అది, పొద్దున్నే పళ్లకు రుద్దుకోనిదే మాకు కళ్లు తెరుచుకోవు. హాల్లో డెబ్బై మంది ఆడవాళ్లం ఉన్నాం. చిగుళ్లు నల్లగా ఉన్నవాళ్లే అంతా. ఒక్క చెయ్యి లేవలేదు. డాక్టర్ బాయి నవ్వి, చాలా మంచి గల్లీ ఇది అంది. నేను కూడా చేతులు ఒళ్లోనే పెట్టుకొని నవ్వాను.

చంద్రకళ సంచిలోంచి పోయిన వారం కార్డులు తీసింది. ఎల్లమ్మది వెతికి చూసి, తల పైకెత్తింది.

"చిన్నమ్మా, నర్సుబాయి అడిగినప్పుడు లేదన్నవెందుకు?"

"ఏందడిగింది బిడ్డా?"

"ఛాతీత్ దుఖ్‌తం కా, అని అడగలేదా?"

"అడిగింది." ఎల్లమ్మ ఊపిరి కూడదీసుకుంది. "పదిమందిల గట్ల అడుగుతె ఏమంటం? గుండెల దుక్కమున్నదా అని. నాకేం దుక్కం? తిండి లేదా, బట్ట లేదా? అక్క నీడకున్న. దుక్కమున్నదంటె మీ చిన్నాయిన మొఖం ఎక్కడ పెట్టుకుంటడు? నాకే దుక్కం లేదని గట్టిగనే చెప్పిన."

గట్టిగానే చెప్పింది. హాలంతా వినేలా చెప్పింది. పాలమూరు ఆడవాళ్లు తలలూపారు. సాయంత్రం మగవాళ్లు కూడా ఎల్లమ్మను మెచ్చుకున్నారు, రాములమ్మలా కాదు, మొగుడి మర్యాద నిలబెట్టిందని.

చంద్రకళ కార్డు నేల మీద పెట్టేసింది.

"దుక్కం కాదు చిన్నమ్మా. దుఖ్‌తం అంటె నొస్తదా అని. నొప్పి. ఏడుపు కాదు."

అది పుట్టినప్పటి నుంచీ రెండు భాషలూ కలిపే మాట్లాడుతుంది. ఇంట్లో నాతో కూడా "అమ్మా, కాలు దుఖ్‌తున్నది" అంటుంది. ఒకే మాట పాలమూరులో ఏడుపు, బొంబాయిలో నొప్పి అవుతుందని దానికి తట్టలేదు. నర్సుబాయికి అసలే తట్టదు. అందుకే మనసు నొచ్చిన రాములమ్మకు మిషను పెట్టారు, గుండె నొచ్చిన ఎల్లమ్మకు ఒక కాగితం ఇచ్చి పంపించారు.

"గంతేనా," అంది ఎల్లమ్మ. నవ్వబోయింది. నవ్వడానికి ఊపిరి చాలలేదు.

మగవాళ్లను ఇంతసేపు తీసిపారేశాను. ఇప్పుడు నా సంగతి కూడా రాయాలి, లేకపోతే ఈ రాసినదంతా అబద్ధమవుతుంది.

వరసలో ఎల్లమ్మ వెనక నిలబడింది నేనే. ఆమె దుక్కం లేదన్న క్షణంలోనే నాకు పొరపాటు తెలిసిపోయింది. నేను ఈ కామాఠీపురాలోనే పుట్టాను. కూరగాయల బేరం దగ్గర నుంచి నల్లా కాడ కొట్లాట దాకా మరాఠీలోనే చేస్తాను. ముందుకు వంగి, అది కాదే ఎల్లమ్మా, నొప్పి గురించి అడుగుతున్నది, అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకంటే తర్వాతి వంతు నాది. ఆమె నొప్పి ఉందంటే, అడుగుతున్నది నొప్పి గురించేనని అక్కడ ఆడవాళ్లందరికీ అర్థమైపోతుంది. నన్నడిగినప్పుడు నేనూ నిజం చెప్పాల్సి వస్తుంది.

దీపావళి నుంచి నాకు వీపులో రెండు రెక్కల మధ్య మేకు దించినట్టు నొప్పి వస్తోంది. హండా ఎత్తినప్పుడు, గోధుమపిండి పిసికినప్పుడు. కాసేపు నిలబడితే పోతుంది. ఎవరికీ చెప్పలేదు. దాదర్ నుంచి పెళ్లివాళ్లు వచ్చి చంద్రకళను చూసిపోయి నెల కాలేదు, ఆ ఇంటి నుంచి ఇంకా కబురు రాలేదు. తల్లికి గుండెజబ్బని తెలిస్తే కూతురికీ అంటగడతారు. నన్ను ఆసుపత్రిలో పడుకోబెడితే ఈ ఇల్లు ఏమవుతుంది, పిల్ల ఒక్కతే ఎక్కడెక్కడ తిరుగుతుంది, ఈయన స్టవ్ ముట్టించబోయి ఖోలీ తగలబెడతాడేమో. ఇలాంటివి నేను నిమిషానికి పది ఆలోచించగలను. నర్సుబాయి నన్ను అడిగింది. నాహీ అన్నాను.

ఎల్లమ్మ మాట తెలియక లేదన్నది. నేను మాట తెలిసి లేదన్నాను.

"ఇప్పుడు చెప్పు చిన్నమ్మా," అంది చంద్రకళ. "నొస్తదా?"

ఎల్లమ్మ నా వైపు చూసింది.

"అక్కకు లేదన్నరు గద బిడ్డా. నా ముందటనే చెప్పింది. ఇంటికి పెద్దామె, నాకంటె ఆరేండ్లు పెద్దది, ఆమెకు లేని రోగం నాకేడిది? కూసుంటె తగ్గుతది."

చంద్రకళ ఇక వినలేదు. గల్లీ మొదట్లో దవాఖానా వ్యాను ఆగి ఉంటుందని, హాలుకు తాళం చూసి తిరిగిపోకముందే ఆపాలని, చెప్పులు లేకుండానే మెట్లు దిగింది.

అది పోయిన రెండు నిమిషాలకు బక్కయ్య వచ్చాడు. పెద్దమనిషి. తెల్లటోపీ, చంకలో గొడుగు. ఒకప్పుడు బిల్డింగు పనుల్లో కూలీల మీద ముకద్దం, ఇప్పుడు మా అందరి మీద. తాళంచెవి భద్రంగా ఉందో లేదో తన కళ్లతో చూసుకోవడానికి వచ్చాడు. మా ఆయన చొక్కా ఎత్తి మొలతాడు చూపించాడు. అధ్యక్షుడు చూసి తల పంకించాడు. ఇద్దరు మగవాళ్లు ఒక తాళంచెవిని అంత శ్రద్ధగా చూడడం నేను ఎప్పుడూ చూడలేదు. రెండు జానల దూరంలో ఎల్లమ్మ ఊపిరి కోసం నోరు తెరుచుకొని ఉంది.

ఇనుప మంచం మీద కూర్చొని, చాయ్ అడిగాడు. ఇచ్చాను. అప్పుడు ఎల్లమ్మ వైపు చూసి, ఈమెకేమైంది అన్నాడు. ఎండదెబ్బ అని మా ఆయన చెప్పాడు. కాదు, ఊరి మీద బెంగ అని బక్కయ్య దిద్దాడు. దిష్టి తీసి, నెలరోజులు ఊరికి తోలమన్నాడు. గుండెజబ్బు మోటార్లలో తిరిగే శేట్లకు వస్తుందట. కష్టం చేసే ఆడదాని దగ్గరకు అది రానే రాదట.

"మా అమ్మ డెబ్బై ఏండ్లదాక తట్ట మోసింది," అన్నాడు. "ఒక్కనాడు ఆ జాగ పట్టుకోని అబ్బా అనలేదు."

"ఎట్ల పోయింది మామా ఆమె?" అని నేనడిగాను.

"పుణ్యాత్మురాలు. ఒక్కల తోని చేపిచ్చుకోలేదు. రెండు రోజుల సంది దవడ గుంజుతుందన్నది. మూడోనాడు నీళ్లు తెస్త తెస్త జర కూసుంట అన్నది. కూసున్నది కూసున్నట్టె పోయింది."

గుమ్మంలో రాములమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఆయన కూడా ఒక్కసారి ఎల్లమ్మ వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు. బక్కయ్యకు మాత్రం తాను చెప్పింది తనకే వినపడలేదు. చాయ్‌లో చక్కెర తక్కువైందన్నాడు.

చంద్రకళ రొప్పుతూ వచ్చింది. అధ్యక్షుడిని చూసింది, నమస్కారం పెట్టలేదు.

వ్యాను ఆపానంది. డాక్టర్ బాయి ఎల్లమ్మ చెమట సంగతీ దవడ సంగతీ విని, మిషను కూడా పైకి తెస్తానని లేచిందట. వెంట వచ్చిన గుమాస్తా అడ్డం పడ్డాడట. మండలి అర్జీ ఆఫీసులో చేరింది కాబట్టి, ఈ గల్లీలో రోగి తన నోటితో నొప్పి ఉంది, చూడండి అని చెప్పందే ఏ ఇంటి గడపా తొక్కకూడదని పైనుంచి కాగితం వచ్చిందట. ఇంకో ఇంట్లో ఇంకో లొల్లి అయితే తన ఉద్యోగం పోతుందని వాడి గోల. ఒక్క మాట చాలని, ఆ మాట తెచ్చేదాకా కిందే ఆగుతానని డాక్టర్ బాయి అన్నదట. ఎక్కువసేపు ఆగలేం, ఇలాంటి మనిషికి నిమిషాలు లెక్క అని కూడా అన్నదట.

"చిన్నమ్మా, ఒక్క మాట. నొస్తున్నదని చెప్పు. రాములమ్మ వింటున్నది, వీళ్లు వింటున్నరు, చాలు. నేను పోయి పిలుచుకొస్త."

ఎల్లమ్మ పెదవులు తెల్లబడ్డాయి. బక్కయ్య వైపు చూసింది, మా ఆయన వైపు చూసింది. పరాయి మగవాళ్ల ముందు ఆమె ఎన్నడూ నోరు విప్పి ఎరగదు. ఆఖరికి మళ్లీ నన్నే చూసింది.

"అక్కకు లేదు," అంది గొణిగినట్టు. "నాకెందుకుంటది."

చూశావా అన్నట్టు మా ఆయన చేతులు చాపాడు. అధ్యక్షుడి ముందు ఆయనకు ఊపు వచ్చింది. ఆడవాళ్లకు లేని జబ్బు మన ఇంట్లో దవాఖానా వాళ్లే అంటిస్తున్నారని బక్కయ్యతో అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఈమెనే అడుగుండ్రి. ఇరవై రెండేండ్ల సంది చూస్తున్న. నీళ్లు మోస్తది, పిండి విసురుతది, పొద్దందాక నోరు మూయదు. ఒక్కనాడన్న గుండె పట్టుకోని కూసున్నదా? చెప్పవే. పెద్దాయన ముందట్నే చెప్పు. నీకెప్పుడన్న నొచ్చిందా?"

అందరూ నన్ను చూశారు.

నేను ఆ ఇంట్లో ఎప్పుడూ అడగకుండానే మాట్లాడే మనిషిని. నన్ను అడగడం ఇదే మొదటిసారి. గుమ్మం చెక్క పట్టుకొని నిలబడి ఉన్నాను. ఎప్పటి నుంచి పట్టుకొని ఉన్నానో తెలియదు. వేళ్లు తిమ్మిరెక్కాయి.

బక్కయ్య సాసరులో చాయ్ పోసుకొని చప్పరించాడు. గ్యాలరీలో ఎవరో గుడ్డలు ఉతుకుతున్నారు. కింద వ్యాను హారను ఒకసారి మోగింది.

నాహీ అంటే అయిపోతుంది. పోయిన వారం అన్నాను, ఎంత సులువుగా వచ్చిందో. ఈయన నవ్వుతాడు, బక్కయ్య లేచి పోతాడు, దాదర్ నుంచి మంచి కబురు వస్తుంది. ఎల్లమ్మ గోడకు ఆనుకొని, నన్ను నమ్ముకొని కూర్చుంటుంది. కూర్చున్నది కూర్చున్నట్టే.

చంద్రకళ ఎల్లమ్మ మణికట్టు వదలలేదు. అది మొదట నా ముఖం చూసింది. తర్వాత గుమ్మం చెక్క మీద నా చేతిని చూసింది. మళ్లీ నా ముఖం చూసింది. ఈసారి దాని కళ్లు చిన్నప్పుడు గుంపులో తప్పిపోయి దొరికిన రోజులా ఉన్నాయి.

"అమ్మా," అంది.

హారను రెండోసారి మోగింది. మా ఆయన ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది, దాన్ని ఎప్పుడు తీసేయాలో తెలియనట్టు.

"నొస్తది," అన్నాను. "ఇప్పుడు గూడ నొస్తున్నది."